నాలుగో కేక

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారంలో తెలియని నంబర్ల నుంచి నాకు మెసేజ్‌లు మొదలవుతాయి. ఒకమ్మాయి ఆదోని నుంచి, ఇంకొకమ్మాయి ప్రొద్దుటూరు నుంచి. ప్రశ్న మాత్రం ఒకటే. మిలటరీ అకాడమీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివితే ఆ డిగ్రీకి విలువ ఉంటుందా అక్కా? బయటి కాలేజీ డిగ్రీతో సమానమేనా?

నేను మిలటరీలో పనిచేయలేదు. అకాడమీ గేటు కూడా చూడలేదు. కడపలో ఒక మామూలు కాలేజీలో చదివి కరెంటు ఆఫీసులో ఇంజనీరుగా చేరినదాన్ని. అయినా నన్నే అడుగుతారు. నా నంబరు వాళ్లకు ఎవరు ఇస్తున్నారో నాకు తెలుసు. ఆ మనిషి సంగతే ఇది.

ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పాలంటే నాకు సిగ్గు. రాయడానికి సిగ్గు లేదు. రిటైరు కావడానికి ముప్పై ఏళ్లు ఉండగానే ఉద్యోగ జ్ఞాపకాలేమిటని మా అమ్మ నవ్వుతుంది కానీ, ఆ ఒక్క రోజును డైరీలో నుంచి తీసి మీ ముందు పెట్టకపోతే నేను ఈ మెసేజ్‌లకు జవాబు చెప్పినట్టు కాదు.

నా మొదటి పోస్టింగ్ పత్తికొండ వైపు ఒక సెక్షన్ ఆఫీసు. పక్కనే సబ్‌స్టేషన్. నా గొంతు గురించి ముందే చెప్పాలి. నేను ఫోనెత్తి "హలో" అంటే అవతలివాళ్లు ఎవరూ మాట్లాడటం లేదనుకుని పెట్టేసేవారు. రైతులు కరెంటు గురించి అడగడానికి వస్తే నేను చెప్పే జవాబు వినడానికి బల్ల మీదికి వంగేవారు. మా లైన్‌మన్ భాయ్ అయితే చేరిన నెలలోనే తేల్చేశాడు: "మేడం మాట వినపడాలంటే సబ్‌స్టేషన్ మొత్తం ఆపాల. ట్రాన్స్‌ఫార్మర్ల రొద ముందు ఆమె నిలబడదు."

సబ్‌స్టేషన్‌లో షిఫ్టు ఆపరేటరుగా ఉండే ఆయన్ని అందరూ హవల్దారనే పిలిచేవారు. సైన్యంలో పదిహేడేళ్లు చేసి హవల్దారుగా రిటైరై, ఈ ఉద్యోగంలోకి వచ్చాడు. లాగ్‌బుక్‌లో ఆయన అంకెలు కవాతు చేస్తున్నట్టు ఉండేవి. సైన్యంలో చివరి మూడేళ్లు ఒక అకాడమీలో, ఎలక్ట్రికల్ ల్యాబులో పనిచేశాడు. ఆఫీసర్లు కాబోయే పిల్లలకు మీటర్లు అందించి, వాళ్లు పోయాక తుడిచి బీరువాలో పెట్టడం ఆయన పని.

ఆయనకు ఒక్కతే కూతురు. నా దగ్గర నవలలు తీసుకుపోయి రెండు రోజుల్లో చదివి తెచ్చిచ్చేది. ఆ పిల్ల గొంతు నా గొంతుకు పూర్తిగా ఎదురు. గేటు దగ్గర "అక్కా" అంటే లోపల నా టీ గ్లాసు ఉలిక్కిపడేది. ఇంటర్ అయ్యాక పరీక్ష రాసింది, ఇంటర్వ్యూలకు వెళ్లింది, మెడికల్ దాటింది, చివరికి అకాడమీ నుంచి పిలుపు వచ్చింది. ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ డిగ్రీ, ఆ తర్వాత ఆఫీసరు. అదే వారంలో కడపలో నేను చదివిన కాలేజీలోనే సీటూ వచ్చింది. అకాడమీకి తండ్రి సంతకం పెట్టిన అంగీకారపత్రం పంపాలి. తండ్రి పెట్టనన్నాడు.

ఒక మధ్యాహ్నం ఇద్దరూ నా బల్ల ముందుకు వచ్చారు.

"ఆ చదువు నేను కండ్లారా చూసినాను మేడం," అన్నాడు హవల్దారు. "పొద్దున లేస్తే పరుగు. తిని పరుగు. క్లాసుకు పరుగు. ల్యాబులోకి వచ్చేసరికి పిల్లోళ్లు నిలబడే నిద్రపోతాంటారు. మీటరు నేను చేతిలో పెడితే ఉలిక్కిపడి లేస్తారు. వాళ్లకు నేర్పించేది పరుగు మేడం, కరెంటు కాదు. రేపు ఈ పిల్ల బయటికి వస్తే ఆ డిగ్రీని ఎవురు లెక్క చేస్తారు?"

"నిద్రపోయినోళ్లు ఆఫీసర్లు అయినారు కదా నాయనా," అంది కూతురు. "మేలుకొని ఉండి నువ్వు మీటర్లు అందిస్తివి."

లైన్‌మన్ భాయ్ టీ తాగబోయి ఆగి, గోడవైపు తిరిగాడు. అతని భుజాలు కదులుతున్నాయి.

హవల్దారుకు కోపం రాలేదు. ఆయన నావైపు చూశాడు. మేడం చదువుకున్న మనిషి, మేడం తూచి చెప్పల్ల, ఏం రాసిస్తే దానికి కట్టుబడతా అన్నాడు. కూతురు కూడా ఒప్పుకుంది. నోటితో చెప్పమనకుండా రాసిమ్మన్నందుకు నేను సంతోషంతో వెంటనే తలూపాను. అంత పెద్ద విషయానికి తలూపానని ఇంటికి వెళ్లాకగానీ తెలియలేదు.

వారం రోజులు తూచాను. సిరా పెన్నుతో నాలుగు పేజీలు. ఎడమవైపు లాభాలు, కుడివైపు నష్టాలు. సిలబస్‌లు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే పెద్ద తేడా లేదు. మెషీన్లు అవే, సర్క్యూట్లు అవే. ఇంట్లోవాళ్ల మీద చదువు ఖర్చు పడదు, చదువు అయ్యేసరికి ఉద్యోగం ఉంటుంది. ఇవి ఎడమవైపు. నచ్చకపోతే మధ్యలో వదిలి రావడం కష్టం, పై చదువు ఎప్పుడన్నది మన చేతిలో ఉండదు, దెబ్బ తగిలితే దారే మారిపోవచ్చు. ఇవి కుడివైపు. అక్కడితో రెండు వైపులూ సమానంగానే ఉన్నాయి. ఆ తర్వాత కుడివైపు ఇంకో పది వాక్యాలు రాశాను. చూస్తూ చూస్తూ ఆ తక్కెడ కుడివైపు ఒరిగింది. 'కడప కాలేజీయే మేలు' అని చివర రాసి, కింద గీత గీసి, కవరులో పెట్టాను. ఎంతో న్యాయంగా తూచానని నా మీద నాకే గౌరవం కలిగింది.

ఇప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ సంగతి.

హవల్దారు ఊరు సబ్‌స్టేషన్‌కు దగ్గరే. ఆ ఊరి పడమటి చేలల్లో ఇరవై బోర్లకు ఒకే ట్రాన్స్‌ఫార్మర్. అందరిదీ టమోటానే. ఆ సీజన్‌లో ట్రాన్స్‌ఫార్మర్ రెండుసార్లు కాలిపోయింది. కారణం ఊరందరికీ తెలుసు. ప్రతి బోరు దగ్గరా స్టార్టరుకు 'ఆటో' అనే చిన్న పెట్టె తగిలిస్తారు. కరెంటు పోయి వస్తే మనిషి వెళ్లి మీట నొక్కనక్కర లేదు, మోటారు దానంతట అదే లేస్తుంది. ఇరవై మోటార్లూ ఒకేసారి లేస్తే, లేచే ఆ కొన్ని క్షణాల్లో మామూలు కంటే ఐదారు రెట్ల కరెంటు లాగుతాయి. ఫ్యూజు తెగాలి. తెగితే మళ్లీ మళ్లీ ఎవరు వేస్తారని ఎవరో అక్కడ వేలంత లావు తీగ చుట్టి పెట్టారు. ఇక తెగడానికి మిగిలింది ట్రాన్స్‌ఫార్మరే.

ఆటోలు తీసేయండని నేను చక్కటి అక్షరాలతో నోటీసు రాసి స్తంభానికి అంటించాను. అందరూ చదివారు. బాగా రాసినావని మెచ్చుకున్నారు కూడా. ఎవరూ తీయలేదు. అందరూ తీసి తానొక్కడే ఉంచుకుంటే ఏమీ కాదని ప్రతి ఒక్కరి లెక్క. ఆ లెక్కలో తప్పు లేదు. ఇరవై మంది అదే లెక్క వేయడంలో ఉంది తప్పు.

మూడో ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. ఇది కూడా పోతే ఇంకొకటి ఇప్పట్లో లేదని పై ఆఫీసువాళ్లు చెప్పేశారు. చెట్లకు ఆరు రోజులుగా నీళ్లు లేవు. పూత వడలిపోతోంది. దానికి కరెంటు ఇచ్చే రోజునే, సాయంత్రంలోగా, అకాడమీకి సంతకం చేసిన కాగితం అప్‌లోడ్ కావాలి.

ఉదయం ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కవరు హవల్దారు చేతిలో పెట్టాను. ఆయన చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "ఈ పని కానీ మేడం. ఇది అయినాక మనసు పెట్టి చదువుతా," అన్నాడు. కూతురు ఆ కవరు వంక చూసింది. నేను లావు తీగ పీకించి, సరైన ఫ్యూజు తీగ నా చేత్తోనే కొలిచి వేయించాను. అక్కడివరకు నాకు ఇబ్బంది లేదు. తీగలతో గట్టిగా మాట్లాడక్కర లేదు.

ఇరవై మంది రైతులు చుట్టూ నిలబడ్డారు. ఆటో పెట్టెలు పీకి తెచ్చి ఇస్తేనే కరెంటు ఇస్తాననీ, ఇచ్చాక కూడా అందరూ ఒకేసారి మీట నొక్కకూడదనీ నేను చెప్పాలి. చెప్పాను. ముందు వరసలో ఉన్న ముసలాయన వెనక్కి తిరిగి, "మేడమ్మ ఏందో అంటాండాది," అని అందరికీ చెప్పాడు. ఏమంటోందో మాత్రం ఆయనకూ తెలియదు. వెనక ఎవరో నవ్వారు. నాకు చెవులు వేడెక్కాయి.

అప్పుడు హవల్దారు కూతురు ట్రాక్టరు ట్రాలీ ఎక్కి నిలబడింది. వంగి నా చెవి దగ్గర, "నువ్వు చెప్పక్కా, నేను అంటా," అంది.

నేను గుసగుసగా చెప్పాను. తను గట్టిగా అంది. ముందు ఆటోల సంగతి, తర్వాత వంతుల సంగతి. తన గొంతు చేల చివరిదాకా పోయి అక్కడి కొంగల్ని లేపింది. నాకు హుషారు వచ్చింది. ఇంకా చెప్పాను. సమస్య ఏమిటంటే, వాటిలో ఏది జనానికి, ఏది తనకు మాత్రమే అన్నది ఆ పిల్ల చూసుకోలేదు.

"ఆ పచ్చ తువ్వాలాయన తన ఖాళీ సంచి చూపించి పెట్టె ఇచ్చేశానంటున్నాడు," అన్నాను నేను తన చెవిలో.

"పచ్చ తువ్వాలు చిన్నాయనా, ఖాళీ సంచి చూపించినావంట, మేడం చూసింది," అంది తను ఊరంతటికీ.

"అయ్యో, అలా అనకు, నాకు భయంగా ఉంది," అన్నాను.

"మేడంకు భయంగా ఉండాది!" అంది. "మీ పంట పోతాదని భయపడతాండాది ఆయమ్మ. మీకు ల్యా ఆ భయం?"

జనం గొల్లుమన్నారు. పచ్చ తువ్వాలాయన కూడా నవ్వుతూనే పోయి పెట్టె తెచ్చి గోనెసంచిలో పడేశాడు. ఆ నవ్వులో పని జరిగిపోయింది. హవల్దారు సంచి పట్టుకుని, పేరు పేరునా టిక్కు పెట్టుకుంటూ అందరి దగ్గరా పెట్టెలు వసూలు చేశాడు. తన కూతురు తన అన్నదమ్ముల వయసు వాళ్లను వరసల్లో నిలబెడుతుంటే ఓరకంట చూస్తున్నాడు.

తనే జట్లు కట్టింది. ఐదు బోర్లకు ఒక జట్టు, నాలుగు జట్లు. అందరూ ఎవరి బోరు దగ్గరికి వాళ్లు వెళ్లాలి. ట్రాలీ మీది నుంచి ఒక్కో కేకకు ఒక్కో జట్టు మీట నొక్కాలి. కేక పడకుండా ఎవరూ నొక్కకూడదు. నేను ట్రాన్స్‌ఫార్మర్ కింద తీగకు కరెంటు కొలిచే మీటరు తగిలించి, సూది ఎగిరి మళ్లీ కిందికి దిగి నిలబడ్డాక 'ఊ' అనాలి. ఆ 'ఊ' తనకు వినపడితే చాలు. హవల్దారుది నాలుగో జట్టు. ఊళ్లో అందరికన్నా లోతు బోరు ఆయనదే. మోటారూ అందరికన్నా పెద్దది. ఆయన పక్క బోరు పచ్చ తువ్వాలాయనది.

లైన్‌మన్ భాయ్ స్విచ్ వేశాడు. ట్రాన్స్‌ఫార్మర్ సన్నగా మోగింది. మొదటి కేక. సూది ఎగిరింది, దిగింది. దూరంగా పైపుల్లో నీళ్లు దగ్గుతూ వచ్చాయి. ఎవరో ఈల వేశారు. 'ఊ' అన్నాను. రెండో కేక. సూది ఎగిరింది, దిగింది. నాకు గంతులు వేయాలనిపించింది. 'ఊ' అన్నాను. మూడో కేక.

సూది ఎగిరింది. దిగలేదు. ఇంకా పైకి పోయింది. ట్రాన్స్‌ఫార్మర్ గొంతు బొంగురుపోయింది. ఆపండి అనాలి. నాకు తెలుసు, ఆ ఒక్క మాట అనాలి. నోరు తెరిచాను. గాలి వచ్చింది, మాట రాలేదు. అంతలో పైన ఠప్పుమని చప్పుడు.

పది పైపుల్లోనూ నీళ్లు ఆగిపోయాయి. మూడో ట్రాన్స్‌ఫార్మర్ కూడా పోయిందనుకున్నారు అందరూ. ట్రాలీ మీద ఆ పిల్ల ముఖం పాలిపోయింది.

జాబితా పట్టుకుని ట్రాలీ దగ్గరే ఉండిపోయిన హవల్దారు గబగబా వచ్చి ట్రాన్స్‌ఫార్మర్ మీద అరచేయి పెట్టాడు, వాసన చూశాడు, తలెత్తి పైకి చూశాడు. "బాగుండాది," అన్నాడు. "ఫ్యూజు తెగినాది, అంతే. మేడం వేసిన తీగ. అదే పాత తీగ అయింటే ఈపొద్దు ఇది బూడిదే." నా డిగ్రీని నా ఎదురుగా ఎవరైనా పొగిడింది అదే మొదటిసారి. ఆనందించడానికి వ్యవధి లేదు. కేక పడకుండా ఎవరో మోటారు లేపారు. ఎవరు?

పచ్చ తువ్వాలాయన గట్ల మీద ఎగురుకుంటూ వచ్చాడు. ఆయన ముఖంలో అంత సంతోషం నేను అంతకుముందు చూడలేదు.

"నా పక్క బోరు స్టార్టరు టక్కుమన్నాదప్పా," అన్నాడు. "మనిషి ల్యాడు ఆడ. దానికదే లేసినాది."

అందరూ హవల్దారు వంక చూశారు. ఆయన చేతిలో పేర్ల జాబితా ఉంది. పంతొమ్మిది టిక్కులు ఉన్నాయి. కరెంటు వచ్చాక కొన్ని నిమిషాలు ఆగి మోటారును లేపే ఆటో ఆయనది. సరిగ్గా మూడో కేక వేళకు దాని నిమిషాలు నిండాయి.

"నాయనా," అంది కూతురు ట్రాలీ మీది నుంచి. "మన ఆటో యాడ?"

"అందరివీ తీయించే గోలలో పాపా..."

"పోయి తీసుకొని రా."

"పోతాండా కదా. మోకాళ్లు పట్టుకున్నాయి, మెల్లగా..."

"మెల్లగా పోతే పూత రాలిపోతాది నాయనా. పరుగెత్తు."

ఆయన ఒక్క క్షణం నిలబడ్డాడు. తర్వాత పరుగెత్తాడు. యాభై దాటిన మనిషి, మోకాళ్లు ఎత్తి, పిడికిళ్లు ఛాతీకి ఆనించి, చాళ్ల మధ్య ఒక్క మొక్క తొక్కకుండా పరుగెత్తాడు. ఊరు ఊరంతా ఈలలు. లైన్‌మన్ భాయ్ స్తంభం మీద ఫ్యూజు వేస్తూ, "అకాడమీ ఈడికే వచ్చేసింది మేడం, పాపను యాడికో పంపేదెందుకు," అని నవ్వలేక స్తంభాన్ని కావలించుకున్నాడు. నేను మీటరు పట్టుకుని కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాను.

నవ్వుతూనే ఆ కవరు గుర్తొచ్చింది. కుడివైపు చివర్లో రాసిన పది వాక్యాలు కళ్లముందు నిలిచాయి. 'అందరి ముందూ గట్టిగా అరవాలి.' 'ఎప్పుడూ గుంపులోనే ఉండాలి, ఒంటరిగా పుస్తకం చదువుకునే వీలుండదు.' 'తనకంటే పెద్దవాళ్లకు ఆజ్ఞలివ్వాలి.' అవన్నీ నా భయాలు. నేను తూచింది ఆ పిల్ల డిగ్రీని కాదు. నన్ను అకాడమీకి పంపితే ఏమవుతానో లెక్కగట్టి, ఆ బరువంతా తీసి తన తక్కెడలో వేశాను. ట్రాలీ మీద నిలబడిన ఆ పిల్లకు నష్టాలన్నీ ఒక్కొక్కటిగా లాభాలే. నాకు తెలిసింది, తనకు చేతనైంది కలిసి ఇందాక అక్కడ ఒక ఇంజనీరు తయారైంది. ఆ రెండూ ఒకే మనిషికి నేర్పే చోటు ఉందంటే, వద్దని నేను సిరాతో రాసి, కింద గీత కూడా గీశాను.

దూరంగా హవల్దారు ఆటో పెట్టె పీకి పైకెత్తి చూపించాక ఫ్యూజు పడింది. మళ్లీ మొదటి కేక, రెండో కేక, మూడో కేక. సూది మూడుసార్లు ఎగిరి మూడుసార్లూ దిగింది. పదిహేను పైపుల్లో నీళ్లు. నాలుగో జట్టువాళ్లు మీటల మీద చేతులు పెట్టుకుని చూస్తున్నారు.

అప్పుడు వచ్చాడు హవల్దారు, ఆటో పెట్టె చేత్తో పట్టుకుని, నిలువునా తడిసి. మీట నొక్కడానికి బోరు దగ్గర తమ్ముడిని నిలబెట్టి వచ్చాడట. వచ్చే తొందరలో పశువుల తొట్టిలో పడ్డాడట. పెట్టె సంచిలో వేసి, ఇరవయ్యో టిక్కు పెట్టి, జేబులో కవరు తీశాడు. నాలుగు పేజీలూ ఒకటే నీలం ముద్ద.

"ఒక్క అచ్చరం నిలబడలే మేడం," అన్నాడు. "సాయంత్రందాకా ఎందుకు, నోటితోనే చెప్పండి. ఏమని రాసినారు?"

రాసింది ఒకటి, చెప్పాలనుకున్నది ఇంకొకటి. "చేర్పించన్నా," అన్నాను.

"వినపడలే మేడం." నిజంగానే వినపడలేదు. పదిహేను మోటార్లు తిరుగుతున్నాయి, తలమీద ట్రాన్స్‌ఫార్మర్ మోగుతోంది.

ఆ పిల్ల ట్రాలీ దిగి వచ్చి నా పక్కన నిలబడింది. తన ఊపిరి నా చెంపకు తగులుతోంది. ఇందాకటి నుంచి ఊరిని గడగడలాడించిన ఆ గొంతుతో, ఎవరికీ వినపడకుండా, "గట్టిగా అక్కా," అంది.

నేను కళ్లు మూసుకున్నాను. "చేర్పించన్నా! అకాడమీలోనే చేర్పించు!"

నా చేతిలో మీటరు సూది ఎగిరింది. కళ్లు తెరిచి చూశాను. చేల చివర నాలుగో జట్టువాళ్లు, ట్రాలీ దగ్గరి నుంచి కేక వచ్చింది కదా అని, ఐదు మీటలూ ఒక్కసారి నొక్కేశారు. సూది పైదాకా పోయింది. నేను, ఆ పిల్ల, వాళ్ల నాయన, ముగ్గురమూ దానిమీదికి వంగాం. వణికింది, దిగింది, నిలబడింది.

"పెట్టినాం మేడమో," అని అంత దూరం నుంచి పచ్చ తువ్వాలు ఊగింది.

హవల్దారు చేతులు తుడుచుకుని నా పెన్ను అడిగాడు. కూతురు తెచ్చుకున్న అంగీకారపత్రం మీద సంతకం పెట్టాడు. ఈసారి సిరా ఆరేదాకా ఆ కాగితాన్ని నేనే పట్టుకున్నాను.

నేనిప్పుడు కడప జిల్లాలో, గండికోటకు దగ్గరలో పనిచేస్తున్నాను. ఫోనులో 'హలో' అంటే అవతలివాళ్లు పెట్టేయడం లేదు. ఇక మీ ప్రశ్న. ఓమ్ సూత్రం అకాడమీలోనూ అదే, కడపలోనూ అదే. మిగతావి మీరే తూచుకోండి. నాలాంటివాళ్లను తూచమంటే మా భయాలు కూడా మీ తక్కెడలో వేస్తాం. లావు తీగ మాత్రం ఎక్కడ చదివినా వేయకండి.

ఆ పిల్లకు ఇప్పుడు మూడో సంవత్సరం. ఫోను చేతికి వచ్చిన ఆదివారాల్లో, అకాడమీ గురించి అడిగే అమ్మాయిలందరికీ నా నంబరు ఇస్తుంటుంది. పోయిన వారం తన దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "అక్కా, నిన్న ల్యాబులో నిలబడే నిద్రపోయినా. మీటరు చేతిలో పెడితే లేచినా. మా నాయనకు మాత్రం చెప్పొద్దు."

నేను ఎవరికీ చెప్పలేదు. రాశానంతే.